కోయని గుడ్డ

పోయిన వారం సంధ్యారాణిని సిరిసిల్ల మిల్లు గేటు దగ్గర వదిలాం. తమ్ముడు ఎల్లేశం దినాలు ముగిసి, చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయాక, హైదరాబాదు నుంచి ఆమె మళ్లీ వచ్చింది. రమ్మన్నది ఇంటివాళ్లు కాదు, మిల్లువాళ్లు. కారు కూడా వాళ్లే పంపారు.

ఎల్లేశం ఆ మిల్లులో సాంచ నడిపేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అనే అంటారు. పోగు తెగితే అతకబోయి ఇనుము మీద చెయ్యి వేశాడు. కరెంటు కొట్టి అక్కడికక్కడే పోయాడు. తాగి పనికి వచ్చాడు కాబట్టి పోయాడని మిల్లువాళ్లు రాసుకున్నారు. ఆ రోజు నుంచి ఆ సాంచ ఆగి ఉంది. సగం నేసిన గుడ్డ దాని మీదే ఉంది. నేసేవాడు పోతే అతని భార్య వచ్చి, ఆ గుడ్డను కత్తెరతో కోసి ఇంటికి తీసుకుపోవాలి. అప్పటిదాకా ఇంకొకరు ఆ సాంచను ముట్టరు. అక్కడి నేతవాడల్లో కార్ఖానాలు పుట్టినప్పటి నుంచీ నడుస్తున్న పద్ధతి అది. ఎల్లేశం భార్య రజిత రానన్నది. కొయ్యనన్నది.

ఆ పద్ధతి మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నది సంధ్యారాణే.

ఆమె బిజినెస్ మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో వస్తువులు ఏం చెబుతాయన్నది ఆమె చదువు. జగిత్యాలలో డిగ్రీ చేసి, అక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నాళ్లు కామర్స్ చెప్పింది. ఆ కాలేజీలో చేతులున్న కుర్చీ ఒక్కటే ఉండేది, ప్రిన్సిపాల్‌ది. ఆయన సెలవులో ఉన్నా దాంట్లో ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. దాని మీద సంచి కూడా పెట్టేవాళ్లు కాదు. ఆమె మొదటి వ్యాసం ఆ కుర్చీ మీద. తర్వాత అటెండరు విడిగా దాచుకునే గ్లాసు మీద రాసింది, ఫ్యాక్టరీ కూత మీద రాసింది. సాంచ మీద మిగిలిపోయిన గుడ్డ మీద రాసిందే ఆమెను విమానం ఎక్కించింది. మనిషి పోతే యంత్రానికి కూడా మైల పడుతుందని, పని చేసే చోటు కూడా ఏడుస్తుందని ఆమె చెబితే దేశదేశాల ప్రొఫెసర్లు లేచి చప్పట్లు కొట్టారు.

మిల్లు హెచ్ఆర్ మేనేజర్ సాయినాథ్ ఆమె దగ్గరే చదువుకున్నాడు. మల్లాపూర్ గౌడ్ల పిల్లవాడు. తాత, తండ్రి కల్లు తీయడానికి తాళ్లెక్కిన ఇల్లు. గేటు దాకా ఎదురొచ్చి, వంగి దండం పెట్టి, తన గదిలోకి తీసుకుపోయాడు.

గదిలోకి రాగానే ఆమె కళ్లు తమ పని తాము మొదలుపెట్టాయి. అతని కుర్చీకి వీపు ఎత్తు. వచ్చినవాళ్లకు మెత్తటి సోఫా. అందులో కూర్చుంటే నడుము లోపలికి దిగి మోకాళ్లు పైకి లేస్తాయి. మాట్లాడాలంటే తల ఎత్తక తప్పదు. బల్ల మీద ఆమె పుస్తకం, పేరు కనబడేలా నిలబెట్టి ఉంది. గోడకు పనివాళ్లందరి ఫోటో. కింద 'మనమంతా ఒకే కుటుంబం' అని రంగుల అక్షరాలు. రెండో వరసలో చివరన ఎల్లేశం. అద్దం మీద సరిగ్గా అతని నొసటి దగ్గర ఎవరో కుంకుమ అద్దారు.

సాయినాథ్ ఆమె చూపు వెంట చూశాడు.

"రోజు తుడిపిస్తున్న మేడం. మల్ల పెడుతున్నరు. ఎవలో దొరుకుతలేరు."

"కెమెరాలు పెట్టినవ్ గద?"

"కెమెరా కింద నిలవడి పదిమంది టీ తాగుతరు. వాళ్లు పక్కకు జరిగినంక చూస్తే బొట్టు ఉంటది." నవ్వబోయి ఆపుకున్నాడు. "సోఫాల కూసోండి మేడం."

"నిలవడే ఉంట. సంగతి చెప్పు."

అతను కూడా కూర్చోలేదు.

"ఒక్క సాంచ బందైతే కంపెనీకి పోయేదేం లేదు. కని అందరు దాన్నే చూస్తున్నరు. షిఫ్టుకు రాంగనే దాని ముందట జెరసేపు నిలవడుతరు. తర్వాత పోయి పని మొదలువెడుతరు గాని, చేతుల్ల పాణం ఉండది. యూనియన్ లేదు, జెండా లేదు. ఎవల్ని పిలిచి మాట్లాడాలె? బీహార్ పిల్లగాండ్లను తెచ్చి నిలవెడితే వాళ్లు గూడ ముట్టలే. మీరే చెప్పిండ్రు గద క్లాసుల, వస్తువు మాట్లాడుతుంటే మనిషి నోరు తెరిచే పని లేదని."

"పరీక్షల గా ప్రశ్నకు నీకు ఎన్ని మార్కులేసిన?"

"ఫుల్ మార్కులు మేడం."

"తప్పు చేసిన."

సాయినాథ్ తల దించుకున్నాడు. ఆమె ఫోటో వైపు తిరిగి అడిగింది.

"మా ఎల్లేశం తాగి అచ్చిండని ఎవలు చెప్పిండ్రు?"

"సూపర్‌వైజర్ రాసిండు."

"నువ్వు చూసినవా?"

"ఆనాడు నేను లేను మేడం. మా చెల్లె లగ్నం పత్రిక రాసుకుంటున్నమని ఇంటికి పోయిన."

"మరి గా మాట తీసెయ్యరాదు?"

అతను తలుపు వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించాడు.

"తాగలేదంటే మరి ఎట్ల పోయిండంటరు. ఎట్ల పోయిండంటే ఎర్తు వైరు లేని సంగతి బయటికొస్తది. ఆ సాంచ షాకు కొడుతున్నదని పనోళ్లు నాకు ముందుగాలనే చెప్పిండ్రు. నేను పైకి చెప్పిన. పైన వినలే. ఇప్పుడు ఆ మాట లేస్తే పైనోళ్లు పోరు మేడం, నేను పోత."

దాచకుండా చెప్పినందుకు ఆమెకు అతని మీద కోపం కూడా సరిగ్గా రాలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

సాయినాథ్ పుస్తకం తీశాడు. పేజీ మధ్యలో గుర్తుకు బస్సు టికెట్టు పెట్టుకున్నాడు. చదివాడు.

"భార్య రాలేని పక్షంలో కూతురు గాని, తోబుట్టువు గాని, తల్లి గాని ఆ గుడ్డను కోయవచ్చు." పుస్తకం మూశాడు. "మీరు సొంత అక్క. మీరొచ్చి కోస్తే ఎవడూ కాదనడు. ఆయనకు శాంతి, పనోళ్లకు మనసు నిమ్మళం. మా ఎండీ మీ యూనివర్సిటీల మీ పేరు మీద పెట్టాలనుకుంటున్న స్టడీ సెంటరు గూడ..."

"దాని మాట ఇక్కడ తీయకు."

"తీయను మేడం."

"ముందు రజితతోని మాట్లాడుత."

"మాట్లాడుండ్రి. కని ఇయ్యాల్నే అయిపోవాలె. ఆమె ఒప్పుకోకుంటే నేను వేరే తొవ్వ చూసుకోవాలె."

ఏం తొవ్వ అని ఆమె అడగలేదు. అప్పుడు అడిగి ఉంటే బాగుండేదని తర్వాత అనుకుంది.

నిజం చెప్పాలంటే, కారులో రజిత ఇంటికి పోతున్నంత సేపూ సంధ్యారాణి మిల్లు పని మీద పోతున్నానని అనుకోలేదు. తమ్ముడి పని మీద పోతున్నాననే అనుకుంది. కోయని గుడ్డ అంటే తీరని దుఃఖం. ఆమె ఇన్నేళ్లూ చెప్పింది అదే. ఆ గుడ్డ దుమ్ము పట్టి అక్కడే పడి ఉంటే ఎల్లేశం కూడా అక్కడే నిలబడి ఉంటాడు. ఇంటికి తెచ్చుకుందాం, పెట్టెలో దాచుకుందాం అని చెప్పాలనుకుంది. తాగాడన్న మాట సంగతి తర్వాత, వకీలుతో, కాగితాల మీద చూసుకోవచ్చు.

రజిత గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట. కారు ఆగిన చప్పుడుకు తల ఎత్తింది గాని లేవలేదు.

"వదినె, అచ్చినవా."

"అచ్చిన రజితా."

"మిల్లు కార్ల అచ్చినవ్. వాడంత చూసింది, నేను జెప్పే పని లేదు."

ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు ఇద్దరు లేచి లోపలికి పోయారు. డ్రైవరు కారు తిప్పుకుని వెళ్లిపోయాడు. సంధ్యారాణి వచ్చినప్పుడల్లా రజిత ఇనుప కుర్చీ విప్పి, కొంగుతో తుడిచి వేసేది. వద్దన్నా వినేది కాదు. ఇవాళ ఆ కుర్చీ మడిచి గోడకు ఆనించే ఉంది. సంధ్యారాణి దాని వంక చూసి, గడపకు ఇవతల నేల మీద కూర్చుంది.

"పిల్లలు?"

"బడికి పోయిండ్రు. చెప్పు, ఏమన్నడు సాయినాథ్ సారు?"

"సాయినాథ్ సంగతి వదిలెయ్. నేను నా మాట చెప్పనీకి అచ్చిన. గా గుడ్డ గట్లనే ఉంచుడు మంచిది గాదు. వాడు మనసున్న పిలగాడు. అక్కడ దుమ్ముల..."

"మనసున్నోడే. తాగేటోడు గూడ. నేను దాస్తనా?" రజిత తూనికాకు కత్తిరిస్తూనే మాట్లాడింది. "తాగి అచ్చి నన్ను తిట్టిన దినాలు ఉన్నయి. కని ఆనాడు సోమారం. రాజన్న వారం. సోమారం ముట్టడని మిల్లంతటికి ఎరుకే. సూపర్‌వైజర్‌కు ఎరుకే, ఇద్దరు కలిసే యాములాడ రాజన్న గుడికి పోయెటోళ్లు. గా మనిషే తాగిండని రాసిండు."

"నాకు ఎరుకే."

"నీకు ఎరుకైతే ఏమాయె? నా పిల్లలకు బడిల ఏమంటున్నరో ఎరుకేనా? మీ బాపు తాగి సాంచ మీద వడ్డడటగా అని. పెద్దోడు నిన్న కొట్లాడి అంగీ చింపుకొని అచ్చిండు. నేను అడిగేది ఒక్కటే. పనోళ్లందరి ముందట నిలవడి, ఎల్లేశం ఆనాడు తాగలేదు, సాంచనే చెడిపోయి ఉన్నదని ఒక్క మాట అనుమను. మరుగంట్ల అచ్చి కోస్త. నాకు ఇంకేం వద్దు."

"అనిపిద్దాం. దానికి వేరే తొవ్వ ఉన్నది, వకీలు ఉన్నడు. కని కోసుడు వేరే రజితా. అది వాని దుఃఖానికి సంబంధించింది."

రజిత చేతులు ఆగాయి. మొదటిసారి ఆమె ముఖంలోకి సూటిగా చూసింది.

"దుఃఖమా? కొయ్యకుంటే దుఃఖమని ఎవలు చెప్పిండ్రు నీకు? వదినె, ఆడిది అచ్చి గుడ్డ కోసుకపోయిందంటే నాకు ఇక్కడ ఏ తకరారు లేదని. నా మొగడు పోయిండు, మీ తప్పు లేదు, మీ సాంచ మీరు నడుపుకోండని. గందుకే కొయ్యకుండ నడుపరు. వాడ మీద ఏ ముసలామెనన్న అడుగు."

సంధ్యారాణి అడిగింది, ఒకప్పుడు. ఎందరినో అడిగింది. వాళ్లంతా 'గట్లనే నడుస్తది బిడ్డా' అన్నారు. మిగతాది ఆమె రాసుకుంది.

"అందరు గట్ల అనుకోరు," అంది. తన గొంతు సెమినార్‌లో మాట్లాడినట్లు వినిపించి ఆమెకే చిరాకేసింది.

"సరే తియ్యి. ఇంకొకటి అడుగుత. పెండ్లాం రాకుంటే బిడ్డ కొయ్యచ్చు, తోబుట్టువు కొయ్యచ్చని రాసినవట. సాయినాథ్ సారు నా ఇంటికొచ్చి చదివి వినిపిచ్చి పోయిండు. గట్ల ఎవలు కోసిండ్రు? ఎక్కడ చూసినవ్? ఒక్క పేరు చెప్పు."

చెప్పడానికి ఒక్క పేరే ఉంది.

"నేనే కోసిన. బాపు పోయినప్పుడు."

"ఎందుకు?"

"అవ్వకు జరం అచ్చె. లేవలేకపాయె."

"జరం!" రజిత నవ్వింది. అందులో నవ్వు లేదు. "అత్త నీకు గట్లనే చెప్పింది గద. చదువుకునే పిల్ల, దాని నెత్తిన బరువెందుకని."

"ఏం బరువు?"

"మామ ఎట్ల పోయిండు?"

"కార్ఖానా గోడ కూలి."

"కూలుతదని సేటుకు ఎరుకే. వానలు మొదలైనప్పటి సంది గోడకు మూరెడు పగులు. మామ పోయినంక సేటు ఏమన్నడు? పని వదిలిపెట్టి గోడ పక్క వండుకున్నడు, గందుకే పోయిండన్నడు. అత్త నాలెక్కనే కొయ్యనన్నది. గోడ నాదే, తప్పు నాదేనని అందరి ముందట అను, కోస్త అన్నది. ఇంట్ల నుంచి కదలలే. పెద్దమనుషులు అచ్చినా లేవలే. నువ్వు జగిత్యాల నుంచి అప్పుడే బస్సు దిగినవ్. నీకేం చెప్పిండ్రు? మీ అవ్వకు ఒళ్లు బాగలేదు, నువ్వు పెద్దబిడ్డవు, నువ్వు రా అన్నరు. నువ్వు పోయినవ్. తెల్లారి సాంచ నడిసింది."

వాకిట్లో కోడి ఒకటి చాట దగ్గరికి వచ్చింది. రజిత దాన్ని అదిలించింది.

"నీకెవలు చెప్పిండ్రు?" సంధ్యారాణి అడిగింది.

"అత్తనే. ఈయన పోయినంక నా పక్కన కూసోని చెప్పింది. నువ్వు కొయ్యకు బిడ్డా అన్నది. నేను కొయ్యలే, నా పిల్లతోని కోయించిండ్రు, నువ్వన్న నిలవడు అన్నది."

ఆ రోజు సంధ్యారాణికి చాలా బాగా గుర్తుంది. గుర్తుండబట్టే పుస్తకం అయింది. సేటే స్వయంగా కత్తెర తెచ్చి చేతిలో పెట్టాడు. నెత్తి మీద చెయ్యి కూడా పెట్టాడు. కార్ఖానా తలుపు దగ్గర నిలబడిన ఆడవాళ్లు ఆమె కోస్తుంటే ముఖాలు అటు తిప్పుకున్నారు. ఆ ముఖాలు తిప్పుకోవడం మీద ఆమె ఒక అధ్యాయమే రాసింది. దుఃఖాన్ని చూడకుండా దానికి మర్యాద ఇవ్వడం అని. లండన్‌లో ఒక ముసలి ప్రొఫెసరమ్మ ఆ అధ్యాయం విని కళ్లు తుడుచుకుంది. ఆ పుస్తకం తెలుగులోకి వచ్చినప్పుడు సిరిసిల్లలో సభ పెట్టారు. తల్లి లసుమవ్వను వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, పుస్తకం చేతికిచ్చారు. చదువు రాని లసుమవ్వ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అట్ట మీద బిడ్డ బొమ్మను చూస్తూ సభ అయ్యేదాకా అట్లాగే కూర్చుంది. పుస్తకంలో ఏముందని ఇంటికొచ్చాక అడిగింది. బాపు గుడ్డ గురించి అని సంధ్యారాణి చెప్పింది. లసుమవ్వ "మంచిది" అని, వంటింట్లోకి పోయింది.

"నాతోని ఒక్క మాట అనకపాయె," అంది సంధ్యారాణి.

"ఎట్లంటది? నీ చదువంత దాని మీదనే లేచిందాయె."

సంధ్యారాణి ఫోన్ తీసింది. లసుమవ్వ కోరుట్లలో చిన్నబిడ్డ సంగీత దగ్గర ఉంటుంది. ఏం అడగాలో తెలియకుండానే నంబరు నొక్కింది.

"అక్కా, చేరిండ్రా?" సంగీత ఉత్సాహంగా అడిగింది.

"ఎవలు?"

"అవ్వ. నువ్వే గద కారు పంపినవ్?"

"నేనెక్కడ పంపిన?"

"అదేంది? పొద్దుగాల్నే మిల్లు నుంచి ఇద్దరచ్చిండ్రు. మేడం పంపింది, మేడం అక్కడనే ఉన్నది, తమ్ముని గుడ్డ తల్లితోని కోయించాలని మేడం అన్నది అని చెప్పిండ్రు. నీ పుస్తకం గూడ చూపెట్టిండ్రు. అవ్వ మొదలు పోనన్నది. నా బిడ్డ చెప్పిందా, నిజంగ చెప్పిందా అని నాలుగుమాట్ల అడిగింది. తర్వాత మంచి చీర కట్టుకున్నది. సేటు చెప్తే కొయ్యలే గాని, నా బిడ్డ చదువుకున్నది, అది చెప్పిందంటే ఏదో ఎరుకుండే చెప్పి ఉంటదన్నది. కత్తెర గూడ మనింట్లదే పట్టుకపోయింది. అక్కా? అక్కా, ఇనవడుతున్నదా?"

రజితకు అంతా వినిపించింది. చాట పక్కన పెట్టింది. తూనికాకు ముక్కలు ఒళ్లోంచి రాలిపోతుంటే లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పోయి ఆటోను కేకేసింది.

దారిలో రజిత ఒక్కసారే నోరు విప్పింది.

"వేరే ఎవలు చెప్పినా ఆమె అస్సలు కొయ్యది. నీ మాట మీద కోస్తది. నువ్వే ఆపాలె. పుస్తకం తప్పని చెప్తవో, నువ్వు కొయ్యమనలేదని చెప్తవో, నీ ఇష్టం."

సాయినాథ్ సాంచల వరస మొదట్లోనే నిలబడి ఉన్నాడు. ఫోన్ పట్టుకుని వీడియో తీసే మనిషి ఒకడు పక్కనే ఉన్నాడు. పక్క సాంచలన్నీ ఆపేశారు. పనివాళ్లు రెండు వరసలుగా ఒదిగి నిలబడ్డారు. బీహార్ పిల్లలు వెనకాల. సంధ్యారాణిని చూసి సాయినాథ్ గట్టిగా, అందరికీ వినబడేలా అన్నాడు.

"మేడం అచ్చిండ్రు. తొవ్వ ఇయ్యిండ్రి."

వాళ్లు తొవ్వ ఇచ్చారు. ఆమె వాళ్ల మధ్య నుంచి నడుస్తుంటే ఒక్కొక్కరుగా ముఖాలు అటు తిప్పుకున్నారు.

సాంచ ముందు లసుమవ్వ ఉంది. ఎడమచేత్తో కొడుకు గుడ్డ అంచు ఎత్తి పట్టుకుంది. కుడిచేతిలో కత్తెర తెరిచే ఉంది. మిల్లువాళ్ల మాట మీద అంత దూరం వచ్చిందే గాని, ఆ రెండు మొనల మధ్య గుడ్డ పెట్టకుండా ఆగి, బిడ్డ కోసం చూస్తోంది.

"అచ్చినవా బిడ్డా," అంది. "కొయ్యమన్నవని వీళ్లంటున్నరు. నాకు నమ్మిక లేదు. అందరి ముందట నీ నోటితోని ఒక్కసారి చెప్పు. కొయ్యాల్నా?"